వెనకున్నా అనని మనిషి

మా వదిన మీద కేసు పెట్టినవాడి ముఖం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా ముందు వదిన సంగతి చెప్పాలి. లేకపోతే కోర్టులో ఆవిడ అన్న మాట వట్టి మొండితనంలా వినిపిస్తుంది.

వదిన బేకరీలో పొయ్యి మనిషి. నేను అక్కడే ప్యాకింగ్ బల్ల దగ్గర పని చేస్తాను. మనిషికి రెండింతల పొడవున్న తెడ్డుతో ఆవిడ ట్రేలు లోపలికి తోస్తుంది, మాడేలోపు బయటికి లాగుతుంది. రంగు చూసి కాదు, వాసన చూసి. ఆ ముక్కుకు దొరకనిది లేదు. మా అన్న వీధి చివర సిగరెట్ కాల్చి వచ్చినా గుమ్మంలోనే పట్టుబడిపోతాడు. మాట పొదుపు, కానీ అడిగితే కుండబద్దలు కొట్టేస్తుంది. మా పెద్దమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఎలా ఉందే అంటే, "నీకన్నా అమ్మినవాడికి బాగుంది అత్తయ్యా" అని తన పని తను చూసుకుంది.

పొయ్యి దగ్గర మాకొక కట్టుబాటు ఉంది. తెడ్డు వెనక్కి లాగినప్పుడు దాని పిడి వెనకున్న ఇరుకు సందులోకి దూసుకొస్తుంది. అందుకని ఆ సందులో అడుగుపెట్టేవాళ్ళు "వెనకున్నా" అని గట్టిగా అరవాలి. పిండి మూటలు మోసేవాళ్ళు అరుస్తారు, నేను అరుస్తాను, యజమానీ అరుస్తాడు. వదిన చెయ్యి ఆగుతుంది, మనిషి దాటుతాడు.

అరవనివాడు ఒక్కడే. యజమాని భార్య తమ్ముడు. ఆ చుట్టరికం తప్ప ఇంకో అర్హత లేదు కాబట్టి అతన్ని మేమంతా బావమరిది అనే అనుకుంటాం. అజమాయిషీ పేరుతో తిరుగుతూ ఆడపిల్లల వెనక చప్పుడు లేకుండా చేరి భుజాల మీద చేతులేస్తాడు. నా పక్కన కూర్చునే పిల్ల ఏడ్చుకుంటూ పని మానేసింది. నేను వెళ్ళి చెబితే యజమాని, "వాడు సరదా మనిషమ్మా, మనసులో ఏముండదు" అన్నాడు. సరదాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావమరిది మనసులోకి ఈయన ఎప్పుడు దూరి చూశాడో.

ఒక మధ్యాహ్నం అతను ఆ సందులోకి పిల్లిలా దూరాడు. బల్ల దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను, చెయ్యి వదిన నడుము వైపు చాచాడు. నేను నోరు తెరిచేలోపే తెడ్డు వెనక్కి వచ్చింది. ముంజేతి ఎముక విరిగింది. ఆ సందులో అతని గొంతు మేం వినడం అదే మొదలు.

వారం తిరక్కుండా వదిన ముద్దాయి అయింది.

"ఎముక విరిగింది కాబట్టి మామూలు గాయం కాదు, తీవ్ర గాయం అన్నారు" అని వివరించింది మా ప్లీడరమ్మ. "తెడ్డును ఆయుధం అంటున్నారు. రుజువైతే జైలే. ఇక మిగిలింది మనసు. కావాలని కొట్టావా, చూసుకోక తగిలిందా? వాడు అరవలేదు, నీకు తెలియదు, తెడ్డు లాగావు. ఉద్దేశం లేకపోతే ఈ నేరం నిలవదమ్మా."

"వాడు చెయ్యి చాచాడు కదండీ" అన్నాను నేను.

"ఆత్మరక్షణ అనొచ్చు. వాడు తాకేదాకా ఆగక్కర్లేదు, మీద చెయ్యి పడబోతోందన్న భయానికి తగిన కారణం ఉంటే చాలు. కానీ అవసరానికి మించి కొట్టలేదని కూడా తేలాలి. చూసింది నువ్వొక్కదానివే, పైగా ఆడపడుచువి. అవతలి ప్లీడరు నిన్ను నమిలి ఉమ్మేస్తాడు. పొరపాటనడమే సులువు."

"పొరపాటనే చెప్పెయ్యవే, పీడా వదిలిపోతుంది" అన్నాడు అన్న. వదిన చేతి మీద పాత కాలిన మచ్చ గోక్కుంటూ కూర్చుంది. అవుననలేదు, కాదనలేదు. మేం అవుననే అనుకున్నాం.

కోర్టులో బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కాడు. ప్లీడరమ్మ అడిగింది.

"ఆ సందులో వెళ్ళేవాళ్ళంతా అరుస్తారా?"

"అరుస్తారు."

"మీరు అరిచారా?"

"నేనెందుకు అరుస్తానండీ, కూలివాడినా? చప్పుడు చెయ్యకుండానే వెళ్ళాను."

"అక్కడ మీకేం పని?"

"పనేం లేదు. మా బేకరీలో నేను ఎక్కడికైనా వెళ్తాను."

ప్లీడరమ్మ తృప్తిగా కూర్చుంది. వదినకు తెలిసే దారే లేదని అతనే ఒప్పుకున్నాడు కదా. తర్వాత జడ్జిగారు వదినను అడిగారు, చెప్పేదేమైనా ఉందా అని.

"తెలుసండి" అంది వదిన.

"ఏం తెలుసు?"

"వెనక ఉన్నది అతనేనని. సెంటు వాసన వచ్చింది. తెలిసే కొట్టాను."

అన్న తల పట్టుకున్నాడు. బావమరిది పళ్ళన్నీ బయటపడ్డాయి. ఆ పళ్ళు అక్కడికక్కడే రాలగొట్టాలనిపించింది నాకు.

"ఎందుకు కొట్టారు?" అన్నారు జడ్జిగారు.

"పని మీద వచ్చేవాళ్ళు అరుస్తారండి. ఇతను అరవకుండా వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల ఏడ్చింది. ఈసారి నా వెనక చేరాడు. ముందు పొయ్యి, పక్కకు తప్పుకునే చోటు లేదు. భయమేసింది. ఒక్కసారే కొట్టాను."

ప్లీడరమ్మ అప్పటిదాకా రాసుకున్న కాగితాలు పక్కన పడేసి లేచింది. చప్పుడు చెయ్యలేదని, అక్కడ పని లేదని తన నోటితోనే చెప్పాడు కదా అంది. అందరూ అరిచే చోట నోరు మూసుకుని వెళ్ళడంలో అతని ఉద్దేశమేమిటని అడిగింది. విరిగింది పక్కటెముక కాదు, ముందుకు చాచిన చెయ్యి అంది. కూలివాడిని కానన్న ఆ గొప్పే అతని మెడకు చుట్టుకుంది.

తీర్పు రోజు జడ్జిగారు ఆవిడ భయానికి కారణముందని, ఒక్క దెబ్బ అవసరానికి మించినది కాదని చెప్పి వదినను వదిలేశారు.

బయటికి రాగానే అన్న గొడవకు దిగాడు. "కాస్తలో జైలు తప్పింది. పొరపాటంటే నీ సొమ్మేం పోయేది?"

"పొరపాటంటే ఈసారి చూసుకుని వస్తాడు" అంది వదిన. "కొట్టానని తెలిస్తే ఇక రాడు."

కోర్టు వదిలేసింది గానీ యజమాని వదల్లేదు. మర్నాడే పనిలోంచి తీసేశాడు. బావమరిది మాత్రం అలాగే ఉన్నాడు, అతని మీద కేసు పెట్టడానికి, పని మానేసిన ఆ పిల్లను వాళ్ళ ఇంట్లోవాళ్ళు గడప దాటనివ్వలేదు. వదిన ఇప్పుడు ఊరి అవతల ఇంకో బేకరీలో చేస్తోంది. ఇక్కడ కొత్తగా వచ్చినవాడు రోజూ రొట్టెలు మాడుస్తున్నాడు. మాడనీ, నాకేం.

ప్యాకింగ్ బల్ల దగ్గర పొయ్యీ లేదు, తెడ్డూ లేదు. అయినా బావమరిది ఇటు రావాలంటే గుమ్మం దగ్గరే ఆగి "వెనకున్నా" అంటాడు. బల్ల దగ్గరి ఆడపిల్లలు నా వైపు చూస్తారు. నేను తలెత్తను. వినబడలేదు, ఇంకా గట్టిగా అనమంటాను.