ఆదివారం రాని ఆకుకూర కట్ట

మా పక్క గదిలో ఉండే పెద్దాయన పోయిన బుధవారం తెల్లవారుతుండగా ఆసుపత్రిలో కన్నుమూశారు. ఫిల్మ్‌నగర్ బస్తీలో మా సందువాళ్ళకు ఈ కబురు ఈపాటికి తెలుసు. బయటివాళ్ళకు ఆయన ముఖం గుర్తుండే వీలు లేదు. ముప్పై ఏళ్ళు సినిమాల్లో హీరోల బదులు పరుగెత్తిన డూప్ ఆయన. తెర మీద మీరు చూసింది ఆయన వీపునూ కాళ్ళనూ మాత్రమే. ముఖం కనబడే షాట్ రాగానే పక్కకు జరిగి చెమట తుడుచుకునేవారు.

ఆయన గురించి రాయడానికి నాకంటే యోగ్యులు ఈ సందులో చాలామంది ఉన్నారు. అయినా ఇది నేనే రాయాలి. నేను సినిమా సెట్లకు వడ్రంగి పని చేసుకుంటూ, ఏ బైబిలు పాఠశాలకూ పోకుండా దీపం ముందు కూర్చుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. సందు మొదట్లోని రేకుల షెడ్డులో ఆదివారం ఆరాధన జరుపుతాను. నేను పాస్టర్ని కాను అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన "పాస్టర్ సాబ్" అనే పిలిచేవారు. "లైసెన్సు లేకుంటె ఏంది, బండి నడుస్తున్నది గద" అనేవారు.

సినిమాల నుంచి పిలుపులు ఆగిపోయాక కూడా ఆయన పరుగు ఆగలేదు. రోజూ తెల్లవారుజామున లేచి జూబ్లీహిల్స్ ఎత్తు మీదికి పరుగెత్తి, దిగి వచ్చేవారు. కొన్నాళ్ళకు ఒట్టి పరుగు ఎందుకని అనిపించిందట. వీపుకు సంచి తగిలించుకుని, దారిలో పెద్ద ఇళ్ళ వంటమనుషుల దగ్గర కూరగాయల తొక్కలు అడిగి తేవడం మొదలుపెట్టారు. మా బస్తీ వెనక బండల వాలు మీద ఎవరెవరో పారబోసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు గుట్టగా ఉండేవి. వాటిని ఏరి పారేసి, తొక్కలను మురగబెట్టి ఎరువు చేసి, మడులు కట్టారు. మొదట ఆయన ఒక్కరే. తర్వాత సందులోని ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు పోశారు. ఏడాది తిరిగేసరికి అక్కడ పాలకూర, తోటకూర, మెంతికూర. ఆయన పుంటికూర అనేది, మేము గోంగూర అనేది కూడా.

"మీ కోస్తావాళ్ళు పేరు మార్చిన్రు గని పులుపు మార్చలేకపోయిన్రు" అని నా భార్యను ఆటపట్టించేవారు.

ఆమె కూడా తక్కువేం తినలేదు. "పచ్చడి పెట్టడం మేం రాకముందు మీకు వచ్చా అండీ" అనేది.

ఆ దారిలోని పార్కు చుట్టూ పరుగెత్తే ఆఫీసు పిల్లలు కొందరు ఆయన సంచి చూసి వెంటపడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి, చేతికి దూరం కొలిచే గడియారం పెట్టుకున్నది, మొదటి రోజు అడిగింది. "అంకుల్, రోజుకి ఎన్ని కిలోమీటర్లు?"

"ఎన్ని తలుపులు అని అడుగు బిడ్డా" అన్నారు ఆయన.

తలుపుల సంగతి చెప్పాలి. ఈ బస్తీలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు చాలామందే. ఒకప్పుడు గుంపు సీన్లలో నిలబడ్డవాళ్ళు, మేకప్ సామాన్లు మోసినవాళ్ళు, తోడు పోయినవాళ్ళు. పెద్దాయన తోటలో కోసిన ఆకుకూరను చిన్న చిన్న కట్టలు కట్టి, పరుగు మీదనే వాళ్ళ గుమ్మాలకు పోయి, తలుపు గొళ్ళానికి తగిలించి వచ్చేవారు. పిలవరు, నిద్ర లేపరు. మర్నాడు మళ్ళీ వచ్చేసరికి గొళ్ళెం ఖాళీగా ఉంటే మనిషి బాగున్నట్టు. నిన్నటి కట్ట అక్కడే వాడిపోయి ఉంటే మాత్రం పరుగు ఆపేసేవారు. తలుపు తట్టి, పలికేదాకా కదిలేవారు కాదు. చివరింటి అవ్వ జ్వరంతో రెండు రోజులు లేవలేకపోయినప్పుడు ఆ కట్టే ఆమెను పట్టిచ్చింది. ఆయన ఆమెను ఆటోలోకి ఎత్తుకుపోయారు. తేరుకున్నాక ఆమె తిట్టిన తిట్లు సందంతా విన్నాం. "నా తలుపు ఇరగ్గొట్టినవ్ గద, ఎవడు బాగుచేస్తడు?"

"పాస్టర్ సాబ్ వడ్లాయన గద, ఆయన చేస్తడు" అన్నారు. చేశాను. ఆ తలుపుకు కొత్త గొళ్ళెం నేనే బిగించాను.

మేము ఒంటరివాళ్ళం కాకపోయినా మా గుమ్మానికీ కట్ట వచ్చేది. ఒకనాటి పొద్దున ఇద్దరం అరుగు మీద టీ తాగుతుంటే అడిగాను, ఈ వయసులో ఇంత ఆయాసం ఎందుకన్నా అని. ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది.

"కెమెరా ముంగట ముప్పై ఏండ్లు ఉరికిన పాస్టర్ సాబ్. యాడికీ చేరలే. కట్ అనంగనే మల్ల ఎనక్కి నడిచి వచ్చుడే. ఇప్పుడు ఉరికితే, ఎవలదో ఒకల తలుపు వస్తది."

ఇంత మాట విని కూడా నాకు బుద్ధి రాలేదు.

ఆదివారం ఆఫీసులకు సెలవు. తోటలో పెద్ద పని అంతా ఆ రోజే. మడులు తవ్వడం, రాళ్ళు మోయడం, ఎవరింట్లోనో కారే రేకు సరిచేయడం. మా ఆరాధన కూడా సరిగ్గా ఆ వేళకే. మొదట మా సంఘంలో ఒక కుటుంబం పారలు పట్టుకుని అటు వెళ్ళింది, తర్వాత ఇంకో రెండు. ఖాళీ చాపలు చూసి నాకు కోపం రగిలింది. దేవుని కోసం రగిలిన రోషమనే అనుకున్నాను. ఒక ఆదివారం మైకు పట్టుకుని, సందు చివరిదాకా వినబడేలా అన్నాను. ప్రభువు దినాన్ని పారబోసి ఆకుకూర ఏరుకునేవాళ్ళున్నారని, కాళ్ళు ఎంత ఉరికినా పరలోకం ఒక్క అడుగు దగ్గర కాదని, సంఘాన్ని చెదరగొట్టేవాడు ఎంత మంచివాడైనా తోడేలేనని. పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. మా స్పీకరు నోరు తోట వైపే ఉంది.

సోమవారం పొద్దున మా గొళ్ళానికి ఎప్పటిలాగే కట్ట ఉంది. అందులో నాలుగు వామాకులు కూడా దూర్చి ఉన్నాయి. వీధిలో ఎదురైతే, "గొంతు కరాబైనట్టుంది నిన్న. జర ఉడకపెట్టుకొని తాగు" అన్నారు. ఎగతాళి చేస్తున్నాడని మండిపడ్డాను. "ఎగతాళి కాదండీ, నిజంగానే మీ గొంతు బొంగురుపోయింది" అంది నా భార్య. ఆ ఆకులు నేను తాగలేదు. ఆమె వాటితో బజ్జీలు వేసింది.

ఆ తర్వాతి ఆదివారం మా గొళ్ళానికి కట్ట లేదు.

మొదట చూసింది నా భార్యే. "ఈరోజు పెద్దాయన రాలేదండీ. గదిలో అలికిడి కూడా లేదు. ఒక్కసారి తలుపు తట్టి రండి" అంది. మా గుమ్మం నుంచి ఆయన గుమ్మానికి ఆరడుగులు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. "వాక్యం పని చేసింది. ఆదివారం పరుగు మానేశాడు. నిద్రపోనీ" అన్నాను. అంతటితో ఆగలేదు. ఆ పొద్దున ఆరాధనలో మైకు పట్టుకుని, ప్రభువు ఒక గట్టి హృదయాన్ని వంచాడని సాక్ష్యం చెప్పాను. చాపల మీద కూర్చున్నవాళ్ళు ఆమేన్ అన్నారు. అదే సమయంలో, మా ఇంటి గోడ అవతల, ఆయన నేల మీద పడి ఉన్నారు.

తోట దగ్గర ఆఫీసు పిల్లలు ఆయన కోసం చూశారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ గడియారం అమ్మాయి తర్వాత నాతో నెమ్మదిగానే అంది. "మీరు మైకులో అలా అన్నారు కదా అంకుల్, మనసు కష్టపెట్టుకుని మానేశారేమో అనుకున్నాం." ఆ అమ్మాయి నన్ను తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆయన ఇంతమంది గుమ్మాలకు కట్టలు తగిలించారు. ఆయన గుమ్మానికి తగిలించేవాళ్ళు ఎవరూ లేరు. చివరికి మధ్యాహ్నం దాటాక చివరింటి అవ్వ కర్ర పట్టుకుని సందంతా నడిచి వచ్చింది. "నా గొళ్ళానికి కట్ట రాలే. ఆదివారమైనా ఆగని మనిషి. తలుపు కొట్టున్రి" అంది. కొట్టాం. పలకలేదు. ఈసారి తలుపు నేనే విరగ్గొట్టాను. ఒక కాలికి బూటు, రెండో బూటు చేతి దగ్గర. పక్కనే సంచి, అందులో శనివారం సాయంత్రమే కోసి కట్టి పెట్టిన కట్టలు. అన్నీ వాడిపోయి ఉన్నాయి. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాయి.

పక్షవాతం అన్నారు. చిన్న వయసు డాక్టరు, "ఎప్పుడు పడిపోయారు? కాస్త ముందు తెచ్చి ఉంటే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం" అంది. తెల్లవారుజామున అని చెప్పాను. "మరి ఇంతసేపు?" అని అడిగింది. విశ్రాంతి దినాన గుంటలో పడిన గొర్రెను పైకి లాగరా అని ప్రభువు అడిగిన ప్రశ్నను నేను ఎన్ని ఆదివారాలు చదివి వినిపించానో. ఆ డాక్టరమ్మ అడిగింది కూడా అదే ప్రశ్న. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి చూసి పక్కనుంచి తప్పుకుపోయిన యాజకుణ్ణి ఎంత దుమ్మెత్తి పోశానో నా సంఘానికి తెలుసు. ఆ యాజకుడైనా చూసి పోయాడు. నేను చూడటానికి కూడా పోలేదు.

రెండు రోజులు ఆయన మంచం పక్కనే కూర్చున్నాను. మాట పోయింది. ఎడమ చేయి మాత్రం కదిలేది. ఆ వేళ్ళు దుప్పటి అంచును పట్టి తిప్పి, దోపి, లాగేవి. నర్సుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కట్ట కడుతున్నారు. మంగళవారం సాయంత్రం ఆ చేయి పట్టుకుని నా తప్పు చెప్పాలనే నోరు తెరిచాను. గంటల తరబడి మైకులో ఆగని గొంతు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. రేపు చెబుతాను అనుకున్నాను. బుధవారం తెల్లవారుతుండగానే ఆయన వెళ్ళిపోయారు.

తప్పిపోయి తిరిగి వస్తున్న కొడుకును దూరాన చూసి, ఆ ముసలి తండ్రి ఆగలేక పరుగెత్తుకుంటూ ఎదురు వెళ్ళాడని గ్రంథంలో ఉంది. అది చదివి వినిపించిన ప్రతిసారీ నేను కొడుకు పాపం గురించే గంట మాట్లాడాను. ఆ పరుగు గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మొన్నటి ఆరాధనలో, ఏ మైకులో ఆయన్ను నిందించానో అదే మైకులో, స్పీకరు నోరు తోట వైపే ఉంచి, ఇక్కడ రాసిందంతా చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. మేలే చేశారు. ఇకమీదట మా ఆరాధన తోట పని అయ్యాకే మొదలవుతుంది.

వెంగళరావు నగర్ నుంచి ఆయన అన్న కొడుకు వచ్చి కర్మకాండలు జరిపాడు. విరిగిన తలుపు బాగుచేసి తాళం వేశాను. కట్టలు పంచే పని సందంతా పంచుకున్నాం. ఈ వైపు గుమ్మాలు నావి. నా మోకాళ్ళు ఆయన మోకాళ్ళు కావు, పరుగు పది అడుగులకే నడక అవుతుంది.

నిన్న పొద్దున చివరింటి అవ్వ ఆయన తలుపు గొళ్ళానికి ఒక కట్ట తగిలించింది. పుంటికూర. ఎందుకు అవ్వా అంటే, "నాకు ఇన్నేండ్లు పెట్టిండు, నేను ఒక్కనాడన్న పెట్టొద్దా" అంది.

ఈరోజు చీకటి విడుతుండగా సంచి వేసుకుని బయలుదేరాను. మొదటి గుమ్మం ఆయనదే. నిన్నటి కట్ట అక్కడే ఉంది, ఆకులు వడిలి కిందికి వాలి ఉన్నాయి. అలా ఉంటే ఏం చేయాలో ఆయన నాకు చూపించే పోయారు. సంచి దించాను. తలుపు తట్టి, నిలబడ్డాను.