మా అత్త ప్రార్థన, నా పసుపు సీసా

ఆ రోజుల్లో క్యాన్సర్ అనే జబ్బు నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా మాత్రమే బతుకుతుందని నాకు గట్టి నమ్మకం. (ఆ సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదు.) నంద్యాల కాలేజీలో నాకిచ్చిన పని, వెలుగు తగిలితే మేల్కొనే రెండు రంగుమందులను పోల్చడం. ఒకటి మెథిలీన్ బ్లూ, రెండోది పసుపుకొమ్ముల నుంచి నేనే తీసిన కర్క్యుమిన్. ఇట్లాంటి మందును గడ్డకు పట్టించి లైటు వేస్తే, అది లేచి చెడ్డ కణాల పని పడుతుంది. అంతవరకూ దాన్ని చీకట్లో నిద్రపుచ్చాలి. అందుకే మా గైడును చీకటి సార్ అనేవాళ్లం. ఆయన ల్యాబులో కిటికీ తెరిచినవాడు మరుసటేడు మళ్లీ అదే క్లాసులో కనిపించేవాడు.

వేసవిలో ల్యాబు ఫ్రిజ్ చచ్చింది. సోమవారం ఆ సీసాలు సార్‌కు చూపించకపోతే నా ఏడాది గంగలో కలిసినట్టే. వాటికి నల్లగుడ్డ చుట్టి, పట్టపురాణులను పల్లకీలో తెచ్చినట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఆళ్లగడ్డలో మా మేనత్త ఫ్రిజ్‌లో దాచాను. "వీటికి వెలుతురు తగలకూడదత్తా" అని చెప్పి పడుకున్నా. బాగా పొద్దెక్కి లేచేసరికి మిద్దె మీద అత్త గొంతు. పరిగెత్తి చూస్తే గుడ్డ విప్పేసిన సీసాలు నడి ఎండలో, వాటి ముందు మోకాళ్ల మీద మా అత్త.

"ఏం చేస్తాండావత్తా!"

"నల్లగుడ్డలో చుట్టి చీకట్లో దాచేది మంచిదేనా రా? ఎవరేం చేసిచ్చినారో ఏమో! వెలుగులో పెట్టి ప్రార్థన చేస్తాండా. ఆ పచ్చంతా యాడికి పోయిందో చూడు!"

నిజంగానే పోయింది. పసుపు సీసా గంజినీళ్లయింది. నీలం మాత్రం కదల్లేదు. ("అది మొండిది, దానికింకో ప్రార్థన కావల్ల" అంది అత్త.)

సోమవారం సార్ ముందు తల వంచుకుని నిలబడ్డా.

"ఎంతసేపుంది ఎండలో?"

"ఒక ప్రార్థన సేపు సార్."

"అంటే?"

"మా అత్తది కాఫీ తాగినాక మొదలైతే, కూడు చల్లారినాక ఆమెన్ సార్."

సార్ అద్దాలు తీసి తుడిచాడు. నా ఏడాదినే తుడిచేస్తున్నాడనుకున్నా. "లైటుకు లేవాల్సిన మందు లైటుకే చస్తే రోగికేం లాభంరా? ఇది పోలికలో రాయాల్సిన మాటే. కానీ ప్రార్థనను కొలతగా రాస్తే ఇద్దర్నీ ఇంటికి పంపుతారు. కొత్త సీసాలతో మళ్లీ చెయ్, గడియారం పెట్టుకుని."

ఆ మే నెలంతా కాలేజీ మిద్దె మీద, నంద్యాల ఎండలో, సీసాలకు కాపలా కూర్చున్నా. ప్రతిసారీ పసుపు వెలిసింది, నీలం నిలిచింది, ఆ రెండింటికన్నా వేగంగా నేను మాడిపోయా. ఏడాదైతే దక్కింది. క్యాన్సర్‌కే ఏమీ కాలేదు. ఇప్పుడు వీధి చివరిదాకా పోవాలన్నా గొడుగు వెతుక్కుంటా. నెత్తిన తడి టవలు వేసుకుని, లోకాన్ని బాగుచేస్తాండానని కాలు మీద కాలేసుకుని ఆ మిద్దె మీద కూర్చున్న కుర్రోడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాణ్ని కిందికి రమ్మని పిలవడానికి మాత్రం మనసు రాదు.