సర్వరు లేవని ఉదయం

వరద వస్తోందంటే మా కోనసీమలో ముందు చేసే పని, ఇంట్లో ఉన్నదంతా అటకెక్కించడం. బియ్యం, బట్టలు, టీవీ, గ్యాస్ స్టవ్వు. నేను కంప్యూటర్లు చూసుకునే అమలాపురం డయాలసిస్ ఆసుపత్రిలో ఆ ఏడాది సర్వరును కూడా ఎక్కించేశారు. నేను సెలవులో ఉన్నాను. ఫోను చేస్తే వద్దంటానని తెలుసు, అందుకే ఎవరూ చేయలేదు.

నీళ్లు తీశాక నేను వచ్చేసరికి దాన్ని దించి, తుడిచి, బొట్టు కూడా పెట్టారు. స్విచ్చి వేశాను. ఫ్యాన్లు గోల పెట్టాయి, పసుపు దీపం వెలిగింది, తెర మీద ఒకటే మాట: డిస్కులు లేవు. పేషెంట్ల వివరాలన్నీ వాటిలోనే ఉన్నాయి. రోజూ కాపీ తీసే విడి డిస్కు కింది సొరుగులో ఉండిపోయి నీళ్లపాలైంది. అటకెక్కించాల్సింది దాన్ని.

అప్పటికే గోదావరి మధ్యనున్న లంక నుంచి పడవ మీద వచ్చిన ఒక పెద్దావిడ బెంచీ మీద కూర్చుని రొప్పుతోంది. వరద వల్ల ఆవిడ డయాలసిస్ తప్పిపోయింది.

"పోయినసారి ఏదో మందు పడలేదండి. ఊపిరాడక పోయేదాన్నే. దాని పేరు కంప్యూటర్లో రాసేరండి," అంది.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు మా దగ్గర రెండు రకాలు వాడతారు. ఆవిడకు పడనిది ఏదో డ్యూటీ డాక్టరుగారికి తెలియదు, ఆయన కొత్త. పెద్ద డాక్టరుగారి ఫోను కలవడం లేదు. రాజమండ్రి పంపుదామంటే రోడ్డు ఇంకా నీళ్లలోనే ఉంది.

"ఎక్కువసేపు ఆగలేనమ్మా," అన్నారాయన నాతో మెల్లగా. "నీ సర్వరు లేవకపోతే ఏదో ఒకటి అనుకుని మొదలుపెట్టేస్తాను."

ల్యాప్‌టాప్ తగిలించాను. సర్వరు లేచేటప్పుడు, అందరూ చూసే తెర ఇంకా రాకముందే, బోర్డు మీదుండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాం లోపలి భాగాలను ఒక్కొక్కటిగా పలకరించి, ఏది పలికిందో ఏది పలకలేదో రాసి పెట్టుకుంటుంది. డిస్కులు పోయినా ఆ రాత చదవొచ్చు. ఆఖరి వరసలో డిస్కులు లేవనే రాసి ఉంది. దాని పై వరసలోనూ అదే. ఏడుపొచ్చింది. మొదటి నుంచి చదివి చావవేం అని నన్ను నేనే తిట్టుకుని పైకి వెళ్లాను. డిస్కుల సంగతికన్నా ముందే, వాటిని బోర్డుకు కలిపే కార్డు పలకలేదని రాసి ఉంది. అంటే డిస్కులు బతికే ఉండొచ్చు.

కరెంటు తీసి మూత విప్పాను. మూత సొట్టపోయింది, కార్డు ఒక పక్క పైకి లేచి ఉంది.

"దీనిమీద ఏమన్నా పెట్టేరా?" అని ఆయాను అడిగాను.

"ఆయ్. బియ్యం బస్తాలండి. బల్లలాగ బాగుందని."

కోప్పడే ఓపిక లేదు. కార్డును నొక్కి కూర్చోబెట్టి స్విచ్చి వేశాను. ఈసారి కార్డు పలికింది. ఆ తరవాత డిస్కులు, ఒక్కొక్కటే. పెద్దావిడ పేరు కొట్టాను. పడని మందు పేరు ఎర్ర అక్షరాల్లో కనపడింది. దాన్ని పైకి చదువుతూనే వార్డులోకి పరిగెత్తాను.

పెద్దావిడ మంచం పక్కన ట్రేలో సిరంజి నింపి సిద్ధంగా ఉంది. పక్కనున్న సీసా మీద నేను చదివిన పేరే ఉంది. నర్సు ట్రే ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది.

పెద్దావిడ చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి నావైపు చూసింది.

"మందు పట్టుకెళ్లిపోతున్నారేంటండీ? నాకు ఇవ్వరా?"