ఎడమ చెయ్యి

మాచర్లలో లారీలు బాగుచేసే మక్బూల్‌కి కోపమొస్తే స్పానర్ విసిరేవాడు. ఆయన కూతురు షహనాజ్‌కి కోపమొస్తే డస్టర్ విసురుతుంది. కాబోయే టీచర్లకు హైస్కూలు లెక్కలు ఎలా చెప్పాలో నేర్పడం ఆమె ఉద్యోగం. బీఈడీ కాలేజీలో ఆమె గొంతు వినని గోడ లేదు.

"ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌లో మధ్యన టూ ఏబీ ఎందుకొచ్చిందిరా?" అంటుంది. డిగ్రీ పాసై వచ్చినవాడు "అది ఫార్ములా మేడం" అంటాడు. ఇక చూడాలి.

"ఫార్ములా ఏందిరా? ఆకాశం నుంచి ఊడిపడిందా? రేపు బళ్లో పిల్లలకీ ఇదే చెప్తావా?"

డస్టర్ వెళ్లి గోడకు తగులుతుంది. ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. లెక్కల్లో తప్పి, మనకు బుర్ర లేదులే అనుకుని క్వారీ పనికి పోయిన పిల్లల్ని ఆమె తన వీధిలోనే చూసింది. వాళ్లకు బుర్ర లేక కాదు, ఎందుకో చెప్పే దిక్కు లేక. అది తలుచుకుంటే ఎవరికైనా ఒళ్లు మండదా?

ఈ ఏడు ఆమె ఆశలన్నీ వనజ మీదే. శావల్యాపురం పిల్ల, చురుకైనది. పిల్లలకు పాఠం చెప్పి చూపించే ఆఖరి పరీక్ష రెంటచింతల దారిలో ఒక బళ్లో పెట్టారు. అది పోతే వనజకు ఏడాది పోయినట్టే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సుందరరావు వెనక బెంచీలో చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. పక్కన షహనాజ్.

వనజ రంగు అట్టను చతురస్రంగా కత్తిరించి, నాలుగు ముక్కలు చేసి బోర్డుకు అంటించింది. "టూ ఏబీ ఎక్కడుందో ఎవరు చెప్తారు?" అంది. క్లాసంతా చేతులెత్తింది! ఒక పిల్లాడు లేచి రెండు పొడుగు ముక్కలు చూపించాడు. సుందరరావు మురిసిపోయాడు.

షహనాజ్‌కి మాత్రం ఏదో తేడా కొట్టింది. సగంమంది ఎత్తింది ఎడమ చెయ్యి. తర్వాతి ప్రశ్నలకూ వాళ్లనెవర్నీ వనజ లేపలేదు. షహనాజ్ లేచి, కిటికీ పక్కన కూర్చున్న ఫరా అనే పిల్లను చెప్పమంది. ఆ పిల్ల బిత్తరపోయింది.

"నన్ను అడగకూడదు మేడం. నేను ఎడమ చెయ్యి ఎత్తా."

తెలిసినవాళ్లు కుడి, తెలియనివాళ్లు ఎడమ. వనజ ముందురోజే నేర్పి ఉంచింది. షహనాజ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోనీండి మేడం, అందరూ చేసేదేగా. మార్కులేసేస్తా" అన్నాడు సుందరరావు.

"అందరూ చేసి చేసే పిల్లలిట్టా తగలడ్డారు! మీరేస్తే నేను సంతకం పెట్టను. వారం ఆగి మళ్లీ పాఠం చెప్పుద్ది" అని, వనజను వరండాలోకి లాక్కుపోయింది. "సిగ్గులేదూ? తెలవనోళ్లకి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావే?"

వనజ తెగించేసింది.

"నాకు తెలిస్తేగా మేడం! ఆ రెండు ముక్కలూ సమానమని ఎట్టా చెప్పాలో నాకే తెలవదు. మీరు కోసినట్టే కోశా. తెలవదని మీ క్లాసులో చెప్తే డస్టర్ వచ్చిద్ది."

షహనాజ్ కొట్టబోయి ఎత్తిన చెయ్యి దించుకుని బస్సెక్కింది. దారి పొడుగునా బస్సులో వనజను తిట్టుకుంది, సుందరరావును తిట్టుకుంది. మాచర్ల వచ్చేసరికి తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

మర్నాడు కాలేజీలో బోర్డు మీద అదే చతురస్రం గీసి, "అర్థమైందా?" అని అడిగింది. అన్నీ కుడిచేతులే లేచాయి. ఏడాదంతా ఇంతే, ఇన్ని కుడిచేతులు చూసి తను గర్వపడింది. వనజ క్లాసులో తెలియని పిల్లలకు ఎత్తడానికి ఎడమ చెయ్యన్నా ఉంది. తన క్లాసులో అదీ లేకుండా చేసింది.

"అబద్ధాలు!" అని అరిచింది. అందరూ తలలు వంచుకున్నారు. చివరి బెంచీలో వనజ ఒక్కతే ఎడమ చెయ్యి ఎత్తింది.

షహనాజ్ డస్టర్ అందుకుంది. బలంకొద్దీ కిటికీలోంచి బయటికి విసిరేసింది.

"చెప్పమ్మా. ఎక్కడ తెలవలేదు?" అని, అరచేత్తో బోర్డు తుడిచి, మళ్లీ మొదటి గీత గీసింది.