కూర్మయ్య మంగళం పాడని రాణెమ్మ కథ

కూర్మయ్య జముకు మీటితే అక్కుపల్లి రేవు దాకా వినపడేదని మా వైపు చెప్పుకుంటారు. అది కాస్త ఎక్కువే గానీ, మనిషి మంచి కథకుడు. మా ఉద్దానం తోటల మధ్య ఏ ఊళ్లో అమ్మవారి సంబరం జరిగినా ఆయన రావలసిందే. జముకు చంకలో ఇరికించి, దాని లోపలి తీగ మీటుతూ, గెంతుతూ కథ చెప్పేవాడు. వంతకు తమ్ముడు ఉండేవాడు. ఆ తమ్ముడు కిడ్నీల జబ్బుతో పోయాక భార్య కన్నమ్మనే పక్కన నిలబెట్టుకున్నాడు. ఆడమనిషి వంతేమిటని జనం నవ్వితే, "ఊ కొట్టడానికి మీసాలెందుకర్రా?" అన్నాడు.

జముకుల కథకు ఒక కట్టుబాటు ఉంది. ఎత్తుకున్న కథను మంగళం పాడి దించాలి. ఎత్తినవాడే దించాలి. వంత మనిషి మంగళం పాడకూడదు.

తమ్ముణ్ణి తిన్న జబ్బు అన్ననూ వదల్లేదు. ఉద్దానంలో ఇది వింత కాదు. ముందు కాళ్లు వాచాయి, తర్వాత అన్నం సయించలేదు. ఇక రోజు విడిచి రోజు పలాస బస్సెక్కి, ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకోవాలి. జముకు పట్టే చేతికే సూదులు గుచ్చేవారు.

పక్క మంచం వనజది. సుమ్మాదేవి అనే ఊళ్లో జాకెట్లు కుట్టుకునే మనిషి, ఆదివారం చర్చికి వెళ్తుంది. పాత పేపర్లు కొనేవాడి బండిలో ఆమెకు అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. గ్రీసు దేశపు దేవుళ్ల కథలు. మిషను తిరుగుతున్నంతసేపూ దాన్ని పైకి చదివేది. కూర్మయ్యకు చదువు రాదు. చెవులు మాత్రం గట్టివి.

"ఏటే అమ్మీ, మీ ఏసుబాబు కతలేనా?"

"కాదు తాతా. గ్రీసోల దేవుళ్లు. మా పాస్టరుగారికి సెప్పీకు."

"మంచోలేనా?"

"ఏటి మంచోలు! ఆలకి పెద్ద జియస్సు. ఉరుములూ మెరుపులూ ఆడివే. పెళ్లాం హేరా కల్లు గప్పి ఊరూరా ఆడోల ఎంట తిరుగుతాడు."

"మరైతే దేవుడే," అన్నాడు కూర్మయ్య. సూదులు గుచ్చుకుని ఉన్నవాళ్లంతా నవ్వారు.

ప్రోమితియస్ కథ చదివిన రోజు ఎవరూ నవ్వలేదు. దేవుళ్ల దగ్గర నిప్పు దొంగిలించి మనుషులకు ఇచ్చాడని జియస్ అతన్ని కొండకు గొలుసులతో కట్టించాడు. రోజూ గద్ద వచ్చి కాలేయం తింటుంది. తెల్లారేసరికి అది మళ్లీ పెరుగుతుంది. మళ్లీ గద్ద వస్తుంది.

కూర్మయ్య తన చేతి గొట్టాల వైపు చూసుకున్నాడు. "ఆడంటే నిప్పు దొంగిలించినాడు. మనమేటి దొంగిలించినాం? నూతిలో నీలు తాగినాం."

ఆ ఏడాదే విశాఖలో డాక్టరు, ఇంట్లోవాళ్లెవరైనా కిడ్నీ ఇస్తే మార్చవచ్చని చెప్పాడు. పిల్లలు లేరు. "నాదిత్తాను," అంది కన్నమ్మ, డాక్టరు మాట పూర్తవకుండానే.

కూర్మయ్య ఒప్పుకోలేదు. "జీడిపిక్కలు కొట్టి కొట్టి నీ ఏలు నల్లబొగ్గులైపోనాయి. ఇంకా నీ కడుపు కోసుకు తినాలేటి నాను?"

"నిన్ను అడిగేనేటి, మావా?"

ఇంట్లో రోజూ ఇదే గొడవ. అలాంటప్పుడే వనజ ఇంకో కథ చదివింది. ఒక రాజుకు చావు దగ్గరపడింది. అపోలో అనే దేవుడికి ఆ రాజంటే ఇష్టం. అతని బదులు ఇంకొకరు చస్తే అతను బతుకుతాడని వరం ఇప్పించాడు. ముసలి తల్లీ తండ్రీ కూడా మా ప్రాణం మాకు తీపి అన్నారు. రాణి మాత్రం నేను పోతానంది. రాజు సరేనన్నాడు.

కూర్మయ్య లేచి కూర్చోబోయాడు. నర్సు కసిరితే మళ్లీ పడుకున్నాడు. "సరేనన్నాడా! సిగ్గు నేని రాజు. అమ్మీ, ముంగిటి సంబరానికి నాను ఈ కతే ఎత్తుతాను. పెళ్లాం పేణం తిని బతికినోడు ఎలాటోడో ఊరందరికీ సెప్తాను. అప్పుడైనా అది నోరు మూసుకుంటాది."

"కత సివర కూడా ఇనవేటి?"

"సివర తరవాత సదువుదువులే."

ఒంట్లో సత్తువ లేకపోయినా సంబరానికి కథ ఎత్తాడు. పరదేశం రాణి పేరు నోరు తిరక్క రాణెమ్మ అన్నాడు. కుర్చీలో కూర్చునే చెప్పాడు. అయినా జనం కదల్లేదు.

కథలో ఎవరిని ఏమడిగినా బదులు చెప్పాల్సింది వంత మనిషే. తల్లిగా కన్నమ్మే పలకాలి, తండ్రిగా కన్నమ్మే పలకాలి. ఆయనకు అంత అలవాటైన సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

"కొడుకు బదులు నువ్వొత్తావా, తల్లీ?"

"రాను నాయనా, రాను," అంది కన్నమ్మ.

"నువ్వొత్తావా, తండ్రీ?"

"రాను నాయనా, రాను."

"మరెవులొత్తారూ?" అని జముకు గట్టిగా మీటాడు.

రాణెమ్మ వచ్చిందని ఆమె పాడాలి. పాడలేదు. అమ్మవారి ఘటం వైపు తిరిగి నిలబడింది. "నానొత్తాను. నా మావకి నా కిడ్నీ నాను ఇత్తాను. తల్లే సాచ్చి."

సంబరం కథలో అమ్మవారి ఎదుట పలికిన మాట వెనక్కి పోదు. ఘటం మోసే ఆమె వచ్చి కన్నమ్మ నుదుట పసుపు పెట్టింది. కూర్మయ్య చేతిలో జముకు ఆగిపోయింది.

"మోసం సేసినావే."

"నీ కతలోనే కదా పలికినాను."

కథ అక్కడే నిలిచిపోయింది. "ఆపరేసను అయినాక దింపుతాను," అన్నాడు. అంత వద్దన్న మనిషికీ ఆశ పుట్టింది. నిజం చెప్పుకోవాలి, బతకాలని ఎవరికి ఉండదు? జముకుకు కొత్త తోలు వేయించాలన్నాడు. కన్నమ్మ వెంట విశాఖ వెళ్లి, ఆమెకు పరీక్షలు చేస్తున్నంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

డాక్టరు కాగితాలు పక్కన పెట్టి చెప్పాడు. కన్నమ్మ కిడ్నీలు కూడా పాడయ్యాయి. ఆమెకే మందులు మొదలుపెట్టాలి. తన కాళ్లవాపు జీడిబట్టీలో కూర్చుని కూర్చుని వచ్చిందనే ఇన్నాళ్లూ ఆమె అనుకుంది.

తిరుగు బస్సు టెక్కలి దాటింది.

"అమ్మోరికి మాటిచ్చీసినాను," అంది కన్నమ్మ. "ఇత్తామంటే నా కాడేటి నేదు, మావా."

ఆయన ఆమె నల్లటి వేళ్లు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఒకరోజు తానే వనజను ఆ రాణి కథ చివర చదవమన్నాడు. రాజు ఇంటికి హెరాక్లీస్ అనే మల్లుడు చుట్టపుచూపుగా వచ్చాడు. ముందు తాగి గోల చేశాడు. రాణి పోయిందని తెలిసి సిగ్గుపడ్డాడు. సమాధి దగ్గర కాపు కాసి, మృత్యువును పట్టుకుని కుస్తీ పట్టి, రాణిని ఇంటికి తీసుకొచ్చాడు.

కూర్మయ్య చాలాసేపు నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది. "ఆ మల్లుడికి పలాస బస్సు దొరకనేదు కాబోలే."

"కత తెలిసింది కదా తాతా. మంగళం పాడెయ్యి."

"ఆడు రాకుండా ఏటి మంగళం? అమ్మోరి ముందు అబద్దమాడనా?"

వానాకాలం చివర్లో పోయాడు. కొత్త తోలు వేయించనే లేదు.

ఆ తర్వాతి వేసవికి కన్నమ్మకూ మిషను తప్పలేదు. ఆమెకు దొరికింది వనజ పక్క మంచమే. మొదటి రోజు నర్సు సూది గుచ్చుతుంటే పళ్లు బిగించింది. మిషను తిరగడం మొదలయ్యాక అడిగింది.

"ఆ రాణెమ్మ కత సదువే."

వనజ చదివింది. ప్రతి మాటకూ కన్నమ్మ ఊ కొట్టింది. మల్లుడు వచ్చాడు, ఊ. మృత్యువు ఓడింది, ఊ. రాణి ఇంటికొచ్చింది. ఊ.

వనజ పుస్తకం గుండెల మీద పెట్టుకుని ఎదురుచూసింది.

"మంగళం పాడు, మామ్మా. నీకు వొచ్చు కదేటి."

"నాను వంత మనిసిని. ఎత్తినోడే దింపాల."

"ఎత్తినోడు పోనాడు కదా."

"పోనాడు," అంది కన్నమ్మ. గొట్టంలో ఎర్రగా పోతున్న రక్తాన్ని కాసేపు చూసింది. "ఇంకా శానాసేపుంది. మొదల్నుంచి సదువు."

వనజ పేజీలు వెనక్కి తిప్పింది.