ఏ బుధ్రి?

రోగి మణికట్టుకు పేరు, పుట్టిన తేదీ ఉన్న ప్లాస్టిక్ పట్టీ బిగిస్తే టక్కుమని చిన్న చప్పుడవుతుంది. ఇంగ్లండులో మా వార్డులో రోజూ వినేదే. విన్నప్పుడల్లా అడవుల మధ్య ఉన్న భోపాల్‌పట్నం ఆసుపత్రిలో నాకు పని నేర్పిన సరోజన సిస్టరు గుర్తొస్తుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. డాక్టరుగారు సైతం ఆమె ముందు ఆచితూచి మాట్లాడేవారు.

జగ్‌దల్‌పూర్‌లో నర్సింగ్ చదివి, క్లాసులో ఫస్టు వచ్చానన్న పొగరుతో ఆమె దగ్గర చేరాను. మొదటి వారంలోనే సూది సిద్ధం చేసుకుని "బుధ్రి ఎవరు?" అని కేకేశాను. నాలుగు మంచాల మీద నలుగురు లేచి కూర్చున్నారు. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. బుధవారం పుట్టిన ఆడపిల్ల బుధ్రి. సిస్టరు నా చేతిలోని సూది తీసి ట్రేలో పెట్టింది.

"పేరొక్కటే అడిగితె ఎట్ల బిడ్డా? ఏ ఊరు, ఏ వాడ, ఎవల బిడ్డ? అన్నీ కలిస్తెనే సూది."

పుట్టిన తేదీ అక్కడ చాలామందికి తెలియదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. ఆమె చెప్పిన ప్రశ్నలే అక్కడి భాషలు గోండీలో, హల్బీలో, దోర్లీలో బట్టీపట్టాను.

నాలుగేళ్ళ తర్వాత ఇంగ్లండు వచ్చాను. నా చదువును ఇక్కడ గుర్తించాలంటే ప్రాక్టికల్ పరీక్ష నెగ్గాలి. రోగిగా నటించే పెద్దావిడ మంచం మీద ఉంది. కంగారులో పేరడిగాను, ఏ ఊరన్నాను, తండ్రి పేరూ అడిగాను. ఆవిడ తెల్లబోయింది. నేను మాత్ర ఇచ్చేశాను. పుట్టిన తేదీ అడగలేదు, చేతి పట్టీ చూడలేదు. ఫెయిలయ్యాను. ఇంకోసారి తప్పితే ఇంటిదారి పట్టాల్సిందే.

సిస్టరుకు ఫోన్ చేశాను. "వచ్చేస్తనక్కా. నువ్వు నేర్పిందే అడిగిన, దానికే ఫెయిల్ చేసిన్రు" అన్నాను. కోపం ఆమె మీదే వచ్చిందని ఒప్పుకోవాలి.

ఆమె నాకెన్నడూ చెప్పని సంగతి చెప్పింది.

"నేను ఉద్యోగంల చేరిన కొత్తల, రోజూ మా ఇంటికి కూరగాయలు తెచ్చే బుధ్రి జరమొచ్చి పడుకున్నది. మొఖం ఎరికే గద అని ఏమడగలే. ఇంకో బుధ్రికి రాసిన సూది ఆమెకేసిన. దినమంతా కండ్లు తెరవలే. బతికింది, నా అదృష్టం. అప్పటి సంది అడుగుతున్న. ఆడ తేదీ అడగమంటె తేదీ అడుగు, అండ్ల ఏమున్నది? ఎవల మందు వాళ్ళకే పడాలె. మళ్ళ పరీక్షకు పో."

అంత పెద్ద మనిషి తన తప్పును నా ముందు పెట్టేసరికి సిగ్గేసింది. నెల రోజులు దిండును పడుకోబెట్టి దాని పేరు, పుట్టిన తేదీ అడిగాను. బస్సులో పక్కావిడను కూడా అడగబోయి నాలుక కరుచుకున్నాను. రెండోసారి నెగ్గాను. ఆ కబురు చెబితే సిస్టరు "మంచిది. డ్యూటీ ఎప్పటి సంది?" అని మాత్రం అంది.

మొన్న, మూడు వారాలుగా మా వార్డులోనే ఉన్న ముసలావిడకు మాత్ర ఇవ్వబోతూ మళ్ళీ పేరు, తేదీ అడిగాను. ఆవిడ విసుక్కుంది. నేనెవరో నీకు తెలియదా అంది.

"బాగా తెలుసు. అందుకే అడుగుతున్నాను" అన్నాను.