పులుపుకు ఉలకని కణాలు

ఆ రోజుల్లో నా దగ్గర మిగిలిన ఆస్తి ఇంటిపేరు ఒక్కటే. పెద్దపల్లి దగ్గరి మా దొరల గడికి పైకప్పు పోయింది, తలుపులూ పోయాయి. ఆ పేరునే మోసుకుని కరీంనగర్‌లో ఒక చిన్న పరిశోధనశాలలో చేరాను. (బంధువులకు మాత్రం "పరిశోధన చేయిస్తున్నాను" అని చెప్పాను.) నరాల కణాల మీద పులుపును పసిగట్టే సన్నని ద్వారాలుంటాయి. ఆమ్లం తగలగానే అవి తెరుచుకుంటాయి, తెర మీద గీత ఒక్కసారి కిందికి దూకుతుంది. నా గీత మూడు వారాలుగా కదలలేదు. "శనివారం దాక చూస్త. గీత రాకపోతే నీ జాగల ఇంకొకరిని పెట్టుకుంట" అన్నారు ఆ పరిశోధనశాల నడిపే సార్.

అక్కడ ఏళ్లుగా సీసాలు కడిగే పెద్దామెను అందరూ ఆపా అనేవారు. నేను "ఏమమ్మా" అనేవాణ్ణి. (ఆపా అంటే అక్క. మా వంశంలో ఆమె ఎవరికి అక్క?) మూడు వారాల కిందట బిడ్డ కాన్పుకని ఆదిలాబాద్ పోయిన ఆమె శుక్రవారం తిరిగొచ్చి, నేను కణాలను ఉంచే ద్రావణం సీసా ఎత్తి చూసింది.

"గీ సీసాలు ఎవలు కడిగిండ్రు?"

"నేనే. యాసిడ్‌లో నానబెట్టి వంచేశాను."

"నీళ్లతోని ఎన్నిసార్లు తొలిచినవ్ దొరా?"

నేను తెర వైపు తిరిగాను.

"ఒక్కసారన్న?"

గిన్నెలు తోమడం మా ఇంట్లో మగవాళ్ల పని కాదని చెప్పబోయి ఆగాను. ఆమె ఆ ద్రావణంలో పులుపు కొలిచే మీటరు ముంచింది. అడుగున మిగిలిన యాసిడ్‌తో అది కాస్త పుల్లబడి ఉంది.

"పొద్దటిసంది పులుపుల నానితే అయి మొద్దువారవా? ఇగ మీదికెళ్లి నువ్వెంత పోసినా ఫికర్ జెయ్యయి."

నిజమే. తేలికపాటి పులుపులో ఉంచితే ఆ ద్వారాలు తెరుచుకోకుండానే స్పందన కోల్పోతాయి. ఆమె పక్కన నిలబడి నాతో సీసాలు నీళ్లతో ఏడుసార్లు కడిగించింది. కొత్త ద్రావణం, కొత్త కణం. గీత దూకింది! అంతలోనే, ఆమ్లం ఇంకా పారుతుండగానే, వెనక్కి వచ్చేసింది.

"చచ్చిపోయింది!" అని అరిచాను.

"సచ్చుడు గాదు, దాని గుణమే గంత. సాదా ద్రావణంల జరసేపు ఉండనియ్యి."

ఒక నిమిషం ఉంచాం. మళ్లీ దూకింది.

శనివారం సార్ గీతలు చూసి, "తప్పు ఎవరు పట్టుకున్నరు?" అన్నారు. 'నేనే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆపా, సార్."

గుమ్మంలో నుంచి ఆమె గొంతు వినిపించింది. "అబ్బో! దొరకు నోరు తిరిగింది!"

అందరూ నవ్వారు. కాస్త ఆలస్యంగా నేనూ నవ్వాను. ఉద్యోగం నిలిచింది, బతుకూ నిలిచింది, ఆమె చలవే. ఆ రోజు నుంచి ఆమె నన్ను దొరా అనలేదు, "తమ్మీ" అంది. మా వంశానికి అంతకంటే పెద్ద బిరుదు దక్కలేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం, దాచడమెందుకు, కాస్త నొచ్చుకున్నాను.